నా దగ్గరున్న నూకరత్నం మొహం

నేను ఒక ముసుగును. దొంగలు కట్టుకునేదాన్నీ కాదు, వేషాల వాళ్ళు పెట్టుకునేదాన్నీ కాదు. కేన్సర్ ఆసుపత్రిలో మనిషి తల కదలకుండా బల్లకి బిగించి పట్టుకునే ప్లాస్టిక్ ముసుగును. ఆ బల్ల మీద పడుకోబెట్టి చేసే వైద్యాన్ని డాక్టర్లు రేడియేషన్ అంటారు. జనం కరెంటు పెట్టించుకోవడం అంటారు. పేరేదైనా నాకొకటే. అది నాలోంచి దూరి అవతలికి పోతుంది, నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పడేదంతా నా కిందున్న మనిషే పడాలి.

పుట్టినప్పుడు నాకు మొహం లేదు. తెల్లటి రేకుని, ఒళ్ళంతా సన్నటి చిల్లులు. ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చు గుద్ది, నాలాంటి వాళ్ళనే మరికొందరిని నా మీద పేర్చి, అట్టపెట్టెలో పెట్టి విశాఖపట్నం పంపారు. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ మాలో అందగత్తె లేదు, అనాకారి లేదు. ఆ తేడాలన్నీ మనుషుల్ని ముట్టుకున్నాక అంటుకున్నవే.

నాకొక గుణం ఉంది. వేడినీళ్ళ తొట్టిలో ముంచితే తడిసిన అప్పడంలా మెత్తబడతాను. అప్పుడు ఎవరి మొహం మీద పరిస్తే వాళ్ళ మొహం నాకు వచ్చేస్తుంది, చల్లారాక గట్టిపడి అలాగే ఉండిపోతాను. మళ్ళీ వేడినీళ్ళలో వేస్తే నా ఒళ్ళు ఆ మొహాన్ని మరిచిపోయి బల్లపరుపు రేకునైపోతాను. ఇది వరమో శాపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మరుపు దేవుడిచ్చిన మందని మనుషులు అంటుంటారు. వాళ్ళని ఎవరూ వేడినీళ్ళలో ముంచలేదు కాబట్టి అంటారు.

నా మొదటి మొహం మైలపల్లి నూకరత్నానిది. భీమిలి అవతల ఒక చేపల పేటలో ఆమె ఇల్లు. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తికెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మే మనిషి. భర్త గరటయ్య సముద్రానికి వెళ్తాడు, వెళ్ళని రోజుల్లో వలలు బాగుచేస్తాడు. నూకరత్నానికి వచ్చింది అంగిట్లో పుండు. ఎందుకొచ్చిందో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ తీరంలో ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ పీలుస్తారు, అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ గంపకుంటాయి, నుసి చంకలో పిల్ల మీద రాలదు. ఎవరు కనిపెట్టారో గానీ సదుపాయం బాగా కనిపెట్టారు. నూకరత్నానికి వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ. నోరు కాలుతుందని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే అందరి నోరూ అలాగే ఉంది.

డాక్టర్ వసుధ ఆమెని కూర్చోబెట్టి చెప్పింది. పుండుకి పైన కంటిగూడు, వెనక మెదడు మొదలు. కిరణం పుండు మీద పడితే మందు, రెండు గోళ్ళంత పక్కకి పడితే చేటు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఉంది చూశారూ, ఈ వైద్యంలో అది సామెత కాదు. అందుకే మనిషి కదలకూడదు. అందుకే నేను.

నన్ను తయారుచేసిన టెక్నీషియన్ పేరు గ్లోరీ. నిదానం మనిషి, వేళ్ళెప్పుడూ వేడినీళ్ళకి ఎర్రగా ఉంటాయి. నూకరత్నాన్ని బల్ల మీద పడుకోబెట్టి కొప్పు విప్పమంది. విప్పితే బల్ల సగం నిండింది. నడుము దాటే జుట్టు, కొబ్బరినూనె వాసన, దాని అడుగున చేపల వాసన. దాన్నంతా చదును చేసి తల కింద పరిచి, "వేడి తువ్వాలు కప్పినట్టుంటుందమ్మా. భయపడకండి, మాట్లాడకండి, కదలకండి" అని నన్ను ఆమె మొహం మీదికి లాగి అంచులు బల్లకి నొక్కింది.

ఒక మనిషిని అంత దగ్గరగా ముట్టుకోవడం నాకదే మొదటిసారి. నుదురు, బొట్టు బిళ్ళ పెట్టీ పెట్టీ నల్లబడి గుంటపడ్డ చోటు, వంకర ముక్కు, లోపలికి పీక్కుపోయిన దవడ. చల్లారుతూ గట్టిపడుతున్నాను. మాట్లాడవద్దన్నారు గదా, అయినా ఆమె పెదవులు కదిలాయి. గొంతు లేదు, పెదవులే. "అప్పన్న తండ్రీ, నయమైపోతే నా తలనీలాలు నీకే" అనుకుంది. ఆ మొక్కు విన్నదాన్ని నేనొక్కదాన్నే. నా పెదవి మూల ఆ కాస్త వంకర అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత నా బతుకు గోడ మీది కొక్కేనికి. నుదుటి మీద ఆమె పేరు రాసిన ప్లాస్టరు, రెండు చెంపల మీదా కిరణానికి దారి చూపే గుర్తులు. రోజూ పొద్దున్న ఆమె వస్తుంది, నన్ను తీసి ఆమె మీద బిగిస్తారు, అందరూ గది బయటికి పరిగెడతారు, బరువైన తలుపు మూసుకుంటుంది. జబ్బు నయంచేసే వెలుగైతే వీళ్ళంతా ఎందుకు పారిపోతారని నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ప్రతి సోమవారం ఎక్స్‌రే తీసి గుర్తులు సరిచూసుకుంటారు. మిగతా రోజులు నన్నే నమ్ముకుంటారు.

మొదట్లో ఆమె బాగానే ఉండేది. వరండా బల్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళతో చేపల రేట్లు మాట్లాడేది. తర్వాత నోరంతా పూసింది. ఉమ్మి మింగాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గరటయ్య రాగి జావ, వాళ్ళ మాటలో సోడంబలి, గ్లాసులో పట్టుకుని పక్కన కూర్చుని, "ఒక్క గుక్కే, ఒక్క గుక్కే" అని బతిమాలేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆమె అన్నం తిందో లేదో అడగని మనిషని ఆమే ఎవరితోనో అంది. నవ్వబోయి నోరు మండి ఆగిపోయింది.

డాక్టర్ వసుధకి ఒక పరిశోధన ఉంది. వైద్యం సగంలో ముసుగులు ఎందుకు వదులవుతాయి, వదులైతే కిరణం ఎంత తప్పుతుంది అన్నది ఆమె వెతుకుతోంది. తిండి తినలేక మనిషి చిక్కిపోతే ముసుగులో ఖాళీ వస్తుందని ఆమెకి తెలుసు. అందుకే ప్రతివాళ్ళనీ వదలకుండా అడిగేది. ఏం తిన్నారు, ఎన్ని గుక్కలు తాగారు, గుడ్డు ముట్టుకున్నారా. పళ్ళు చూసేది, బరువు చూసేది, దవడ కొలిచేది. మనిషి గురించి అడగాల్సినవన్నీ అడిగేశానని ఆమెకి నమ్మకం. నా నమ్మకమూ అదే. చదువుకున్న వాళ్ళతో సహవాసం చేస్తే ఆ జబ్బు ప్లాస్టిక్‌కి కూడా అంటుకుంటుంది.

కిరణం నోట్లోంచి దూరి మెడ వెనకనుంచి బయటికి పోతుంది. పోయే దారిలో ఉన్న జుట్టు రాలిపోతుంది. నూకరత్నానికి మెడ మీద కుచ్చులు కుచ్చులుగా ఊడడం మొదలైంది. పొద్దున్నే నన్ను తీస్తే నా చిల్లుల్లో పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉండేవి. ఆమె వాటిని ఒక్కొక్కటే లాగి చీర చెంగులో మూట కట్టుకునేది. గ్లోరీ చూసి, "మళ్ళీ వచ్చేస్తుందమ్మా, బెంగ పెట్టుకోకండి" అంది. జుట్టు మీద ఆశ అనుకుంది గ్లోరీ. ఆశ కాదు, భయం. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నాకున్నది పెదవులే గానీ నోరు కాదు.

ఒక బుధవారం ఏదో పండగ సెలవు వచ్చింది. గురువారం ఆమె గుండుతో వచ్చింది.

ఇంకెక్కడైనా అయితే పదిమంది అడిగేవాళ్ళు. కేన్సర్ ఆసుపత్రిలో గుండు ఎవరికి వింత? వరండా నిండా గుండ్లే. పైగా ఆ రోజు గ్లోరీ సెలవు, వేరేచోటి నుంచి వచ్చిన టెక్నీషియనుకి ఈమె ఎవరో, నిన్నటిదాకా ఎలా ఉందో తెలియదు. నన్ను తీశాడు, పెట్టాడు, బిగించాడు. గుర్తులు సరిపోయాయి. సరిపోవా మరి, గుర్తులున్నది నా మీద, నేను బల్లకి సరిగ్గానే బిగిసి ఉన్నాను. లోపలున్న తల మాత్రం నాది కాదు. తల కింద పరుపులా ఉండాల్సిన జుట్టు లేక తల కిందికి దిగింది, గడ్డం పైకి లేచింది. నా నుదుటికీ ఆమె నుదుటికీ మధ్య వేలు దూరేంత సందు. ఆమె గుటక వేసింది. ఎప్పుడూ కదలని మెడ కదిలింది. పట్టుకోవడమే నా పుట్టుక, పట్టుకోలేకపోతున్నాను. తలుపు మూసుకుంది. మిషను ఆమె చుట్టూ తాపీగా తిరిగి, ఎక్కడ కాల్చమన్నారో అక్కడే కాల్చింది. అక్కడ నూకరత్నం లేదు, కొంచెం కిందికి ఉంది.

మర్నాడు గ్లోరీ వచ్చింది. నూకరత్నం ఆమెని చూడగానే, నోరు పుండై ఉన్నా ఉండబట్టలేక చెప్పింది.

"నిన్న ఎంత సుకంగా ఉన్నాదో అమ్మా. ముసుగు ఏసినట్టే నేదు. ఊపిరాడింది, గుటక కూడా మింగినాను. అంతా ఆ అప్పన్న దయ."

నన్ను కొక్కెం మీదనుంచి తీయబోతున్న గ్లోరీ చెయ్యి అక్కడే ఆగింది. "లోపల కదిలారా?"

"ఓపాలి కదిల్నాను. ఏటి, తప్పా?"

గ్లోరీ ఆమెని పడుకోబెట్టి నన్ను పెట్టి, గడ్డం కింద వేలు దూర్చింది. వేలు దూరింది. నుదుటి మీద దూర్చింది. అక్కడా దూరింది. తలుపు దగ్గరికి వెళ్ళి డాక్టర్ని పిలిచింది. ఎక్స్‌రే తీశారు. డాక్టర్ వసుధ ఆ బొమ్మని సోమవారం బొమ్మ పక్కన పెట్టి చూసింది.

"గుండెందుకు చేయించుకున్నారమ్మా?" అని అడిగింది.

"మొక్కున్నాది. సింహాద్రి అప్పన్నకి."

"నయమయ్యాక ఇస్తారు కదా ఎవరైనా. మధ్యలో ఎందుకిచ్చారు?"

నూకరత్నం బల్ల మీద లేచి కూర్చుంది. ఇంత తేలిక విషయం అంత చదివిన మనిషికి ఎందుకు తెలియదో అన్నట్టు చూసింది. ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పింది. "నయమైనాకే ఇద్దారనుకున్నాను. మరి ఎనకపక్క అంతా ఊడిపోతంది గదమ్మా. దేవుడికి ఇత్తానన్న సొమ్ము మీ మిసను తినేత్తంటే సూత్తా ఊరుకుంటానా? నయమైనాక ఉత్త బుర్రట్టుకుని కొండెక్కితే ఆయనకేటిత్తాను? ఉన్నకాడికి ఇచ్చీసినాను. రాలింది కూడా మూటగట్టి అట్టుకెల్లి ఇచ్చీసినాను."

గది బయట నిలబడ్డ గరటయ్య లోపలికి వచ్చాడు. భార్య మొహం, డాక్టర్ మొహం మార్చి మార్చి చూశాడు. "కన్ను పోద్దా డాట్రమ్మా?" అన్నాడు.

"ఒక్క రోజుతో కన్ను పోదు. కానీ పుండు అంచుకి నిన్న అందాల్సిన మందు అందలేదు. ఇప్పుడు ముసుగు మళ్ళీ చెయ్యాలి, స్కాన్ తియ్యాలి, లెక్కలన్నీ మళ్ళీ వెయ్యాలి. అందాకా కరెంటు ఆపాలి."

"ఆపితే?"

"ఆపడం మంచిది కాదు. ఈ జబ్బు ఖాళీ దొరికితే ఊరుకోదు." ఆ తర్వాత ఆమె తనలో తాను అనుకున్నట్టు, "నేను అడగాల్సింది" అంది.

అంతవరకూ నూకరత్నానికి తను తప్పు చేశానని తెలియదు. దేవుడికి బాకీ పడకుండా బయటపడ్డానని సంతోషంగా ఉంది. అప్పుడు అర్థమైంది. గుండు మీదికి చెంగు లాక్కుంది. "తిట్టండమ్మా, ఎవరూ తిట్టరేటి" అంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేదేమో.

నన్ను వేడినీళ్ళలో వేశారు. నూకరత్నం మొదటి మొహం, ఆ బొట్టు గుంట, పెదవి మూల వంకర, అన్నీ కరిగిపోయాయి. మళ్ళీ ఆమె మీదే పరిచారు. ఈసారి నున్నటి తల, చిన్నప్పుడెప్పుడో పడవ అంచు తగిలి పడ్డ సొట్ట, మునుపటికంటే లోతైన దవడలు. పెదవులు కదలలేదు. కంటి మూలనుంచి ఒక చుక్క నా కిందినుంచి చెవిలోకి జారింది. ఎక్కడా సందు లేకుండా పట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, నాకు తెలుసు. అయినా పట్టుకున్నాను.

లెక్కలు తేలేవరకూ ఆ దంపతులు ఇంటికి వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ ఏం తప్పు జరుగుతుందోనని భయం. వరండాలోనే కూర్చున్నారు. నా కొక్కెం నుంచి వాళ్ళు కనబడేవాళ్ళు. ఆమె గోడకేసి చూస్తూ ఉండేది, అతను నైలాను దారం తెచ్చుకుని ఎవరిదో వల అల్లుతూ ఉండేవాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం తక్కువ. ఒకసారి మాత్రం ఆమె అడిగింది, "మావా, నాను సేసింది తప్పంటావా?" అని. అతను ముడి బిగించి, "ఆయనకీ నీకూ మజ్జన నానేటి సెప్పేది" అన్నాడు.

వైద్యం మళ్ళీ మొదలైంది, ఎలాగో పూర్తయింది. చివరి రోజు గ్లోరీ నన్ను ఆమె చేతికిచ్చి ఇంటికి పట్టుకెళ్తారా అని అడిగింది. కొందరు పట్టుకెళ్తారు. కొందరు పెరట్లో పాతిపెడతారు, కొందరు సముద్రంలో పారేస్తారు. గరటయ్య నన్ను అందుకుని, వల కన్నులు చూసినట్టు నా చిల్లుల్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "కన్ను సమంగా కుదిరినాది. ఇందల చేప మాత్రం పడదు" అన్నాడు. నూకరత్నం వద్దంది. డాక్టర్ వసుధ నన్ను తన పరిశోధనకి అడిగి తీసుకుంది.

అలా నేను అల్మారా ఎక్కాను. ఒకసారి డాక్టర్ల సభకి నన్నూ పట్టుకెళ్ళి, పెద్ద హాలులో తెర మీద నా బొమ్మ వేశారు. పక్కన నూకరత్నం పేరు లేదు, ఒక నంబరుంది. మొక్కు సంగతి చెప్తే హాలులో కొందరు నవ్వారు, చెడ్డ నవ్వు కాదు. ఒక పెద్దాయన లేచి, వైద్యం మధ్యలో గుండు చేయించుకోవద్దని చెప్తే సరిపోదా అన్నాడు. "చెప్పొచ్చు సార్, వినరు. ముందే చేయించుకు రమ్మంటే వింటారు" అంది డాక్టర్ వసుధ. నాకు ఆమె మీద గౌరవం అప్పుడు కలిగింది, అంతకుముందు లేదు.

ఆనాటినుంచి ముసుగు చేసేముందు గ్లోరీ ప్రతివాళ్ళనీ అడుగుతుంది. మొక్కులేమైనా ఉన్నాయా, జుట్టు మొక్కుంటే తీర్చుకునే రండి, ఆ తర్వాతే ముసుగు. అల్మారాలోంచి వింటూ ఉంటాను. మనుషుల దగ్గర ఎన్ని మొక్కులో. తిరుపతి మొక్కులు, దర్గా మొక్కులు, ఒకావిడ మేరీమాతకి జడ ఇస్తానంది. ఒకాయన అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు గడ్డం పెంచుతానన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి గురుస్వామిని పిలిపించాల్సి వచ్చింది. ఇంతమంది దేవుళ్ళు ఇన్నేళ్ళుగా మా ముసుగుల్లో దూరుతుంటే డాక్టర్లు బరువు తగ్గడం ఒక్కటే చూస్తూ కూర్చున్నారు.

మొన్న వానల్లో నూకరత్నం మళ్ళీ వచ్చింది.

అంగిట్లో పుండు మానింది. అది నిజంగానే మానింది. కానీ మెడ మీద, ఎడమ పక్క, చింతపిక్కంత బిళ్ళ లేచింది. ముక్క తీసి చూశారు. అదే జబ్బు. మళ్ళీ కరెంటు పెట్టాలన్నారు.

గరటయ్య చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. "ఆ ఒక్క రోజు వల్లేనా డాట్రమ్మా?"

"తెలీదు" అంది డాక్టర్ వసుధ. "అవుననీ అనలేను, కాదనీ అనలేను. ఆ రోజు లేకపోయినా వచ్చేదేమో. నాకు తెలిస్తే చెప్పేదాన్ని."

అతను తలూపాడు. పరిశోధన అంతా అయ్యాక మిగిలిన జవాబు ఆ 'తెలీదు'. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు.

కొత్త రేకులు ఆ వారం రాలేదు. ఎదురుచూసే వ్యవధి లేదు. గ్లోరీకి నేను గుర్తొచ్చాను. అల్మారాలోంచి తీసుకొచ్చి నూకరత్నానికి చూపించింది. ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకుని తన మొహాన్ని తనే చూసుకుంది. అప్పటి దవడలు, అప్పటి గుండు. వేలితో నా కంటి గుంట తడిమి, "పాపం, ఎంత బెదిరిపోనాదో ఈ మనిసి" అంది, ఎవరో ఇంకొకరి గురించి అన్నట్టు.

తర్వాత గ్లోరీ అడగాల్సింది అడిగింది. ఆ ప్రశ్న ఎవరివల్ల పుట్టిందో తెలిసి కూడా అడగాలి, అది పని. "అమ్మా, మొక్కులేమైనా ఉన్నాయా?"

నూకరత్నం జుట్టు మళ్ళీ వచ్చింది. భుజాల దాకా, నెరిసి, కొంచెం ఉంగరాలు తిరిగి. దాన్ని చేత్తో వెనక్కి తోసుకుంది.

"నేదమ్మా. ఈపాలి మొక్కనేదు. ఆయనికి ఇవ్వాల్సింది ఇచ్చీసినాను. ఇది నాది."

గ్లోరీ నన్ను వేడినీళ్ళలో వదిలింది. ఆమె రెండో మొహం కూడా నాలోంచి పోయింది. నీళ్ళలో మెత్తబడి, ఏ మొహమూ లేకుండా తేలుతున్నంతసేపు బయటి మాటలు వినబడుతూనే ఉన్నాయి. జుట్టు తల కింద పరుస్తున్నారు. వేడి తువ్వాలులా ఉంటుందని గ్లోరీ చెప్పబోతే, తెలుసమ్మా అంది ఆమె.

ముఖం మీద పరిచేముందు ఆమె గ్లోరీ చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా నొక్కమ్మా. నొప్పెట్టినా ఊరుకో. ఒదులుగా ఉంటే మల్లీ అప్పన్న దయ అనీసుకుంటాను."

గ్లోరీ నొక్కింది. నేను నుదుటి మీద, ముక్కు మీద, బిళ్ళ లేచిన మెడ మీద చల్లారుతూ బిగిశాను. ఆమె గుటక వేయబోయింది. నేను వేయనివ్వలేదు.